మూడో వాల్వు ఫోటో

అమ్మలూ,

నాన్న దీవెనలు. నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీ గదిలో ఉండే ఆ పళ్ల డాక్టరు చదువు పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. మీ అమ్మ గట్టిగా చదివింది, నేను విన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లాక నేనొక్కణ్ణీ ఇంకోసారి చదువుకున్నాను.

ఫోన్‌లో నేను 'ఊ', 'ఆ', 'సరే' తప్ప ఇంకేమీ అననని, అందుకే ఉత్తరం రాయమంటున్నానని రాశావు. నిజమే. ఆ మూడు మాటలతోనే ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగం నెట్టుకొచ్చాను. "ఆయన నోటికీ ఒక వాల్వుంది, దాన్ని తిప్పే కడ్డీ మాత్రం నాకివ్వలేదు" అని మీ అమ్మ పక్కింటావిడతో అంటుంటే విన్నాను. కాగితం మీదైతే కాస్త మాట వస్తుంది. రోజూ పుస్తకంలో రాసే అలవాటు వల్ల కావచ్చు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మొదటిది మీ అమ్మ మోకాలు. వాపు తగ్గింది, మెట్లెక్కేటప్పుడు మాత్రం పేరు పేరునా అందర్నీ తిడుతోంది. డాక్టరు నడవమన్నాడు. నేను నడవమంటే "నువ్వు నడిచే నడక చాలు ఇద్దరికీ" అంటోంది. మూడోది నా కళ్లద్దాలు. మార్పించాను. కొత్తవాటితో అన్నీ మరీ స్పష్టంగా కనబడుతున్నాయి, అదేమంత సుఖంగా లేదు. నాలుగోది, స్నానాలగది తలుపు. ఇంకా మూసుకోవడం లేదు. ఇటుక అడ్డం పెట్టుకుంటున్నాం.

నీ రెండో ప్రశ్న చివరికి ఉంచుతున్నాను. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఇక్కడి సంగతులు కొన్ని చెప్పాలి.

మా మున్సిపల్ ఆఫీసు వరండాలో ఫిర్యాదులు తీసుకునే కిటికీ ఉండేది గుర్తుందా, నువ్వు చిన్నప్పుడు దాని కమ్మీలు పట్టుకుని వేలాడేదానివి. ఆ కిటికీకి అడ్డంగా ఇప్పుడొక పెద్ద తెర పెట్టారు. దానికి 'ప్రజల తెర' అని పేరు. ఊళ్లో ఏ వీధికి ఏ గంటకి నీళ్లు వెళ్తున్నాయో, ఏ లైటు వెలుగుతోందో, ఏ చెత్తబండి ఎక్కడుందో అన్నీ అందులో చుక్కలుగా కనబడతాయి. పని అయితే పచ్చ చుక్క, కాకపోతే ఎర్ర చుక్క. ఇళ్లలో ఫోన్లలో కూడా చూసుకోవచ్చట. ఇక దాపరికం లేదు, పాలన అంతా అద్దంలా ఉంటుంది అన్నారు. తెర ముందు ఇరవై కుర్చీలు వేశారు. అక్కడ కూర్చునేవాళ్లు తెర కింద ఉన్న ప్లగ్గులో ఫోన్లు చార్జింగు పెట్టుకోవడానికి వస్తారు. ఒకాయన రోజూ వచ్చి తెరకి వీపు పెట్టి పేపరు చదువుకుంటాడు. తెర వెలుతురు అక్షరాల మీద బాగా పడుతుందట. ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన ముసలివాళ్లు మాత్రం కిటికీ కోసం తెర వెనక్కి తొంగిచూసి, అక్కడ గోడ కనబడితే తిరిగి వెళ్లిపోతారు.

మా పెద్దసారు ఈ తెరతోపాటే వచ్చాడు. ఆయనకి మా వాళ్లు బొటనవేలు సారు అని పేరు పెట్టారు. ఏ సంగతి రాసినా జవాబుగా బొటనవేలు బొమ్మ ఒకటి పంపిస్తాడు. పైపు పగిలిందని రాస్తే బొటనవేలు. బాగైందని రాస్తే బొటనవేలు. మా పాత స్టోర్‌కీపరు తల్లి పోయిందని రాస్తే దానికీ బొటనవేలే. ఇంతకుముందున్న సారు నోరు మంచిది కాదు, కానీ పైపు పగిలితే ప్యాంటు మడిచి బురదలో దిగేవాడు. ఈయన బూట్లకి బురద అంటగా నేను చూడలేదు.

అందరం కలిసి పని చెయ్యాలని ఈయన ఒక గ్రూపు పెట్టాడు. వాల్వుల వాళ్లం, ఇంజినీర్లు, వీధుల పెద్దలు, ఊళ్లోవాళ్లు, మొత్తం ఆరువందల మంది. కలిసి పని చెయ్యడం మాకు ఈయన నేర్పాలా? పంపుహౌసు బెంచీ మీద రోజూ సాయంత్రం నాలుగింటికి మేం నలుగురం వాల్వుల వాళ్లం కూర్చునేవాళ్లం. రెండో ట్యాంకు చూసే పొడుగాయన నీకు తెలుసు.

"రేపు నీ వైపు రెండు చుట్లు తగ్గించు. నా వైపు ఆసుపత్రి ఉంది" అనేవాడు.

"నీ ఆసుపత్రికి రోజూ దాహమేనా? నిన్న ఇచ్చిన నీళ్లతో ఏం చేశారు, ఇంజెక్షన్లలో పోశారా?" అనేవాణ్ణి నేను.

"నీ వీధుల వాళ్లు కార్లు కడుగుతున్నారయ్యా, నా కళ్లతో చూశాను."

"సరే, రెండు కాదు, ఒకటిన్నర."

అంతే, పావుగంటలో ఊరంతటి నీళ్లు పంచేసి ఇంటికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ బెంచీ మీద నలుగురం నాలుగు వైపులకి తిరిగి ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటున్నాం. పొడుగాయన నా పక్కనే కూర్చుని నాకు చెప్పాల్సింది గ్రూపులో రాస్తాడు. అది నాకు చేరేలోపు దాని మీద పదహారు గులాబీలు, నాలుగు శుభోదయాలు పడతాయి.

చుట్లు అన్నాను కదా, వాల్వు కడ్డీని ఎన్నిసార్లు తిప్పాలన్న లెక్క అది, నీకు చిన్నప్పుడు చెప్పాను, మళ్లీ చెబుతాను. నా కింద ఆరు వాల్వులున్నాయి. ట్యాంకు నుంచి వచ్చే పెద్ద పైపు ఐదు వీధులు దాటి చివరికి మెరక మీదున్న మెట్ల వీధికి ఎక్కుతుంది. కింది ఐదు వాల్వులూ పూర్తిగా తెరిస్తే మెట్ల వీధికి గాలి తప్ప ఏమీ ఎక్కదు. అందుకని ముందు మెట్ల వీధికి ఒక్కదానికే వదలాలి. తర్వాత కింది వీధులకి కొలిచి తెరవాలి: మొదటిదానికి ఐదు చుట్లు, రెండోదానికి ఆరు, మూడోదానికి ఏడు, ఇలా. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. నాకు పని నేర్పిన ముసలాయన నోటితో చెప్పాడు, మిగతాది నేను వేసవులూ వానలూ చూసుకుంటూ సరిచేసుకున్నాను. ఏ రోజు ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పానో నా పుస్తకాల్లో ఉంది.

ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫోన్‌లో ప్రతి వాల్వుకీ రెండే మీటలున్నాయి. 'తెరిచి ఉంది', 'మూసి ఉంది'. ఏడు చుట్లు అని రాయడానికి చోటు లేదు. చిన్న ఇంజినీరుని అడిగాను. "అన్నా, సగం అనేది తెర మీద చూపించలేం. సగానికి రంగు లేదు" అన్నాడు. నా బతుకంతా ఆ సగంలోనే ఉంది, దానికి రంగు లేదట.

ఇలా ఉండగా ఓటింగు పెట్టారు. నీళ్లు ఎప్పుడు వదలాలో ప్రజలే చెప్పాలన్నారు. బొటనవేలు సారు సభ పెట్టి, "ఇక నాయకుడంటూ ఎవరూ లేరు, మీలో ప్రతి ఒక్కరూ నాయకుడే" అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకి నిలువెత్తు వేదిక, రెండు మైకులు కావలసి వచ్చాయి. మా వార్డు వరకు ఫోన్లలో ఓట్లు పడ్డాయి. పొద్దున్న ఆరింటికి ఆరు వాల్వులూ ఒక్కసారే, పూర్తిగా తెరవాలి అన్నవాళ్లు వెయ్యీ నూట నలభై రెండు మంది. వద్దన్నవాళ్లు అరవై మూడు. మెట్ల వీధిలో ఎనభై ఆరు ఇళ్లున్నాయి. ఓటింగు జరిగిన సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

రెండు రోజులు చెప్పినట్టే చేశాను. రెండో రోజు పొద్దున్న మెట్ల వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని మూడో వాల్వు దగ్గరికి దిగి వచ్చింది.

"ఏం నీళ్లాయనా, మా వీధి ఉందా, ఎగిరిపోయిందా?"

"ఓట్లు వేశారు కదమ్మా. అందరూ ఆరింటికే కావాలన్నారు."

"ఎక్కడ వేశారు? నా ఫోన్ నొక్కితే మా తమ్ముడు పలుకుతాడు. ఓట్లూ పాట్లూ పలకవు."

అప్పుడు నేనొక మాట అన్నాను. "తెర మీద మీ వీధి పచ్చగానే ఉందమ్మా" అన్నాను.

ఆవిడ బిందె కిందపెట్టి నన్ను పైనుంచి కిందకి చూసింది. "అయితే ఆ తెర కిందే బిందె పెడతాలే. పచ్చగా కారుతుందేమో" అని బిందె అక్కడే వదిలేసి మెట్లెక్కి వెళ్లిపోయింది.

బిందె నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

ఇక నీ రెండో ప్రశ్న. నీ మాటల్లోనే రాస్తాను. "ఓటింగు తర్వాత వారం తిరక్కుండా మీ వార్డులో ఫిర్యాదులు సున్నాకి వచ్చాయి, ఇది ప్రజలు కలిసి నిర్ణయించుకోవడం వల్లే కదా నాన్నా? మా ఊళ్లో కూడా ఇదే పెట్టమని మా మున్సిపల్ ఆఫీసు తరఫున నివేదిక నేనే రాస్తున్నాను. మీ వార్డు వివరాలన్నీ ఫోటోలతో సహా పరిశీలించాను. ఇరవయ్యో తేదీన సంతకం పెట్టాలి."

కాదమ్మలూ. ప్రజల వల్ల కాదు, తెర వల్ల కాదు. ఆ వివరాలు అబద్ధం. రాసింది నేను.

మూడో రోజు నుంచి నేను పాత పద్ధతికే వెళ్లిపోయాను. ఐదింటికి మెట్ల వీధికి ఒక్కదానికే నీళ్లు. ఆరింటికి కింది ఐదింటికీ నా చుట్ల లెక్క ప్రకారం. కింది వీధుల వాళ్లకి వాళ్లడిగిన ఆరింటికే కుళాయి వచ్చింది, ధార కాస్త సన్నబడింది, ఎవరూ గమనించలేదు. మెట్ల వీధి బిందెలు నిండాయి. ఫోన్‌లో మాత్రం ఆరింటికి ఆరు మీటలూ 'తెరిచి ఉంది' అని నొక్కాను. ప్రతి వాల్వుకీ రోజూ ఫోటో పెట్టాలని నియమం. మొదటి రోజు తీసిన ఆరు ఫోటోలనే రోజూ పెట్టాను. పాత ఫోటో పెట్టినా ఆ ఫోన్ తీసుకుంటుంది, తేదీ కొత్తది తగిలిస్తుంది. అలా తొంభై ఒక్క రోజులు.

నాకు చాలా తెలివైన పనిలా అనిపించింది. ఈ తెరలవాళ్లని, బొటనవేళ్లవాళ్లని మనసులో వెక్కిరించుకుంటూ, వీళ్ల బొమ్మలాట వీళ్లకి, నా నీళ్లు నాకు అనుకున్నాను. నా పుస్తకంలో అసలు చుట్లు రాసుకుంటున్నాను కాబట్టి నేను అబద్ధం ఆడటం లేదని సర్దిచెప్పుకున్నాను. నా అబద్ధం ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు.

అది చాలా దూరం పోయింది. ఆరు వాల్వులు ఒక్కసారి తెరిచినా ఒక్క ఫిర్యాదు లేదని లెక్క తేలింది కదా, దానికి బొటనవేలు సారుకి బహుమతి వచ్చింది. ఆయన బహుమతి పట్టుకున్న ఫోటో తెర పక్కనే గోడకి ఎక్కింది. అది పోనీ. ఒక్కసారే తెరవడానికి మనిషెందుకు, మోటార్లు చాలు అన్నారు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆరు వాల్వులకీ మోటార్లు బిగిస్తారు. ఆరింటికి మీట నొక్కితే ఆరూ పూర్తిగా తెరుచుకుంటాయి. సగం తెలియదు వాటికి. మెట్ల వీధికి నీళ్లు ఆగిపోయేది ఓటింగు వల్ల కాదిప్పుడు, నా వల్ల. ఇప్పుడు నీ నివేదికతో మీ ఊళ్లో ఇంకో మెట్ల వీధి.

పోయిన సోమవారం బొటనవేలు సారు గదికి వెళ్లాను. ఆయన గదికి తలుపు తీయించేశాడు, అందరికీ తెరిచి ఉండాలని. తలుపు లేదు గాని తలెత్తడు.

"ఏమిటి పెద్దాయనా?"

"సారూ, ఆరు వాల్వుల లెక్క నిజం కాదు."

"వివరాల సంగతైతే గ్రూపులో పెట్టండి. గదుల్లో గుసగుసలు పాత పద్ధతి. ఏదైనా పదిమందికీ కనబడాలి."

"సారూ, ఇది మీరు వినాల్సింది."

"పెట్టండి, చూస్తాను."

బెంచీ మీద కూర్చుని పెట్టాను. ఆ గ్రూపులో నేను రాసిన మొదటి వాక్యం అదే. 'మా ఆరు వాల్వుల వివరాలు మూడు నెలలుగా తప్పు. తప్పు రాసింది నేనే. మోటార్లు పెట్టకండి, మెట్ల వీధి ఎండిపోతుంది.' రాయడానికి అరగంట పట్టింది.

ముందు ఒక బొటనవేలు వచ్చింది. తర్వాత వరసగా నలభై మూడు. ఒకాయన 'అభినందనలు పెద్దాయనా, మీలాంటివాళ్లు కావాలి' అన్నాడు. ఒకావిడ గులాబీ పెట్టింది. ఇంకొకాయన 'మా సందులో కుక్కలు ఎక్కువయ్యాయి, ఇది ఎవరు చూస్తారు' అని అడిగాడు. అక్కణ్ణుంచి కుక్కల మీద రెండు గంటలు చర్చ నడిచింది. బొటనవేలు సారు నాకూ కుక్కలకీ చెరో బొటనవేలు ఇచ్చాడు.

సాయంత్రం చిన్న ఇంజినీరు ఫోన్ చేశాడు.

"అన్నా, చదివాను. చదివింది నేనొక్కణ్ణే అనుకుంటా. తీసెయ్."

"ఎందుకు?"

"మోటార్లకి ఆర్డరు వెళ్లిపోయింది. బహుమతి గోడకెక్కింది. నువ్వు రిటైరవడానికి ఇంకా ఏడు నెలలే ఉంది. ఈ వయసులో నీకెందుకన్నా ఈ తలనొప్పి?"

"మెట్ల వీధో?"

"దానికేదో ఒకటి చేద్దాంలే" అన్నాడు.

నేను తియ్యలేదు. ఎవరికైనా కావాలంటే ఇంకా అక్కడే ఉంది, గులాబీల కింద, కుక్కల కింద. దాన్ని దాచాల్సిన పని ఎవరికీ పడలేదు. వీళ్లు కనిపెట్టిన గొప్పతనమేమిటో అప్పుడు అర్థమైంది. పాత ఆఫీసులో నిజాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. ఇప్పుడు నడివీధిలో పెట్టి, దాని మీద నుంచే నడిచి వెళ్లిపోతున్నారు.

వాళ్ల సంగతి అయిపోయింది. ఇక నీ సంగతి, నా సంగతి.

ఫోటోలతో సహా పరిశీలించానన్నావు. మూడో వాల్వు ఫోటో మళ్లీ తీసి చూడు. మూతకి ఎడమపక్కన ఒక చెప్పు ఉంటుంది, బొటనవేలి దగ్గర పట్టీ తెగింది. ఆ రోజు వంగేటప్పుడు తెగింది, విప్పి పక్కన పెట్టాను, ఫోటోలో పడింది. సాయంత్రానికల్లా కుట్టించుకున్నాను. కానీ తెర మీద అది తొంభై ఒక్క రోజులూ తెగి అక్కడే పడి ఉంది. మధ్యలో నెల రోజులు వానలు పడ్డాయి. ఊరంతా బురద, ఆ ఫోటోలో మట్టి మాత్రం పొడి. ఊరంతా చూడొచ్చన్న తెర మీద ఒక్కరూ చూడలేదు. ఆ చెప్పుల జత నీ మొదటి జీతంతో నువ్వు కొనిచ్చింది. నువ్వూ గుర్తుపట్టలేదు.

ఇది నిన్ను దెప్పడానికి రాయలేదు. దెప్పే అర్హత నాకు లేదు. రెండు నెలల కిందటి ఉత్తరంలో నువ్వు రాశావు, "అది మా నాన్న వార్డు అని మా సెక్షన్‌లో అందరికీ చెప్పాను" అని. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. ఆ రోజే నీకు నిజం రాసి ఉండాల్సింది. రాయడానికి కాగితం కూడా తీసి, మళ్లీ లోపల పెట్టేశాను. అంత బాగుంది ఆ ముక్క. ముప్ఫై నాలుగేళ్లలో నా పని గురించి నలుగురికీ చెప్పుకున్న మనిషి నువ్వొక్కదానివే. చెప్పుకున్నది నా పని కాదు, నా అబద్ధం. తెలిసీ ఊరుకున్నాను. బొటనవేలు సారుని ఇన్ని మాటలన్నాను కదా, గోడ మీద ఆయన ఫోటోకీ, పెట్టెలో నేను దాచుకున్న నీ ఉత్తరానికీ తేడా ఏమిటి?

తొంభై ఒక్క రోజుల చుట్ల లెక్క నా పుస్తకంలోంచి తిరగరాసి ఇందులో పెడుతున్నాను. పద్నాలుగు కాగితాలు. నీ నివేదికలో వీటిని పెట్టు. ఎవరు రాశారంటే నా పేరు చెప్పు, మా నాన్న అని కూడా చెప్పు. నా ఏడు నెలల గురించి ఆలోచించకు. మీ అమ్మకి నిన్న చెప్పాను. "మూడు నెలల నుంచీ అన్నం సరిగా తినకపోతే నా వంట మీద కోపమనుకున్నాను" అంది. తర్వాత, "పిల్లకి రాయి, ఇవాళే రాయి" అంది.

ఇంకొక్క మాట. సంతకం పెట్టే ముందు మీ ఊళ్లో నీళ్ల పైపు ఎక్కడ ఆఖరవుతుందో కనుక్కుని, పొద్దున్నే ఒక బిందె పట్టుకుని అక్కడ నిలబడు. అక్కడివాళ్లు నిన్ను తిడతారు. విను.

ఇవాళ పొద్దున్న నేను కొత్త ఫోటోలు పెట్టాను. ప్రతి వాల్వు మూత మీద సుద్దతో ఎన్ని చుట్లు తిప్పానో పెద్ద అంకెలు వేసి, అవి కనబడేలా తీశాను. రేపూ అంతే, ఒకటో తేదీ దాకా అంతే. మూడోదాని దగ్గర ఏడు అని ఉంటుంది, పక్కన తడిమట్టి ఉంటుంది, చెప్పు ఉండదు. చూసేవాళ్లెవరైనా ఉంటే తేడా తెలుస్తుంది. నువ్వు చూడు.

ఇట్లు,
రెండు కాళ్లకీ చెప్పులున్న
మీ నాన్న